తమ్ముడికి మూలుగ ఇచ్చే ముందు మీ రక్తం చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము నాచారంలో ఉంటాం. నాకు 27 ఏళ్లు, తమ్ముడికి 23. ఇంటర్ చదివే రోజుల నుంచీ వాడి రెండు చేతుల నిండా పులిపిర్లు. కాల్పించాం, ఆసిడ్ పెట్టించాం, పెద్దవాళ్లు చెప్పారని సున్నం రాశాం, గుర్రపు వెంట్రుక కట్టాం. పోయినట్టే పోయి మళ్లీ వస్తాయి. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునేటప్పుడు దగ్గు, జ్వరం పట్టుకుంటే టీబీ అని ఆరు నెలలు మందులు వాడారు. కొన్నాళ్లకు మళ్లీ అదే దగ్గు. హెచ్ఐవీ పరీక్ష మూడుసార్లు చేశారు, లేదన్నారు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో అన్నీ చూసి, 'డెండ్రిటిక్ కణాలు, మోనోసైట్లు దాదాపు లేవు, గాటా2 అనే జన్యువులో లోపం ఉంది, మూలుగ మార్పిడి చేయాలి' అన్నారు. నాది పూర్తిగా మ్యాచ్ అయింది. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ మాఘమాసంలో నా పెళ్లి. 'మూలుగ ఇస్తే నడుము నిలబడుతుందా, రేపు పిల్లలు పుడతారా' అని అబ్బాయి వాళ్లమ్మగారు అడుగుతున్నారు. పైగా నాకు పదిహేనో ఏట నుంచి ఎడమ కాలు కొద్దిగా వాపు. బోదకాలేమోనని రాత్రిపూట రక్తం తీసి చూశారు, కాదన్నారు. ఆ కాలుతో ఇవ్వొచ్చా? నాన్న 2009లో బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు, అప్పటికి ఆయనకు 41. ఆ ఫైలు అమ్మ ఇంకా బీరువాలోనే పెట్టుకుంది. తమ్ముడు ఇప్పుడు డ్యూటీకి వెళ్తున్నాడు, బాగానే ఉన్నాడు. కొన్నాళ్లు ఆగకూడదా? మా బంధువు ఒకాయన డెండ్రిటిక్ సెల్ ఇంజెక్షన్లు ఉన్నాయి, వాటితో పోతుంది అంటున్నారు. అమ్మా నాన్నలది మేనరికం, అందుకే ఇలా అయిందని ఇంకొకరు. వీధిలో మాత్రం ఎయిడ్స్ అనే చెప్పుకుంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.
— ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతి మీరు మధ్యలో 'పైగా' అంటూ రాసిన వాక్యంలో ఉంది. మీ ఎడమ కాలి వాపు. దాని వెనకే నాన్నగారి బ్లడ్ క్యాన్సర్. ఈ రెండూ చదివాక మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ముందుగా ఒక మాట చెప్పాలనిపించింది. తమ్ముడిలో దొరికిన ఆ జన్యు లోపం మీలో ఉందో లేదో పరీక్ష చేయించుకోండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా మార్పిడికి తేదీ ఖాయం చేయనివ్వకండి.

'మ్యాచ్ అయింది కదా' అంటారేమో. మ్యాచ్ పరీక్షలో చూసేది కణాల పైన ఉండే హెచ్ఎల్ఏ గుర్తుల్ని. వాటి జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. గాటా2 జన్యువు ఉండేది మూడో క్రోమోజోమ్ మీద. ఒకదాని రిపోర్టు చూసి రెండోదాని గురించి ఏమీ చెప్పలేం. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి పూర్తి మ్యాచ్ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. అది మీకు కుదిరింది. కానీ లోపం నాన్నగారి నుంచి వచ్చి ఉంటే అది మీకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. మీ కాలి సంగతి విన్నాక నా అనుమానం ఆ సగం దగ్గర ఆగడం లేదు.

ఎందుకంటే, గాటా2 రక్తానికి మాత్రమే సంబంధించిన జన్యువు కాదు. ఒంట్లో నీరు తిరిగి గుండె వైపు వెళ్లే లింఫ్ నాళాలుంటాయి. వాటి లోపల నీరు వెనక్కి జారకుండా చిన్న చిన్న కవాటాలుంటాయి. ఆ కవాటాలు సరిగ్గా ఏర్పడటానికీ ఈ జన్యువే కావాలి. అందుకే కొందరిలో ఈ జబ్బు మొదట కాలి వాపుగా బయటపడుతుంది, అదీ చాలావరకు చిన్న వయసులోనే. కొందరికి చెవుడు కూడా ఉంటుంది. మన దగ్గర కాలు వాచిందంటే అందరికీ బోదకాలే గుర్తొస్తుంది. అది తప్పేమీ కాదు, మన ప్రాంతంలో ఉన్న జబ్బే. ఆ పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి కాబట్టి రాత్రి రక్తం తీశారు. కాదని తేలాక మరి వాపెందుకు అని ఇంకెవరూ అడగలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు నేను అడుగుతున్నాను.

మీలోనూ ఆ లోపం ఉండి, తెలియక మీ మూలుగే తమ్ముడికి ఎక్కిస్తే, మడి దున్ని తాలు గింజలు చల్లినట్టవుతుంది. మార్పిడికి ముందు ఇచ్చే అంత కీమో తట్టుకుని, అన్ని రోజులు ఒక్కడే గదిలో ఉండి, చివరికి మొలిచేది అదే పంట. మీ డాక్టర్లకు ఈ సంగతి తట్టే ఉంటుంది. అయినా నోరు తెరిచి అడగండి: 'తమ్ముడిలో దొరికిన మార్పు నాలో ఉందా, లేదా?' దీనికి జన్యువులన్నీ మళ్లీ చదవనక్కర్లేదు, అతనిలో చెడిన ఆ ఒక్క చోటు చూస్తే చాలు. గొట్టంలో కొద్దిగా రక్తం తీస్తారు, అంతే. అమ్మగారిది కూడా చేయించండి. మీ సీబీసీ, అంటే రక్త కణాల లెక్క, నార్మల్‌గా ఉందని ఎవరైనా ధైర్యం చెప్తే దానితో సరిపెట్టుకోకండి. లోపం ఉండి కూడా ఏళ్ల తరబడి రక్తం మామూలుగా ఉండేవాళ్లు ఉన్నారు.

ఇక ఈ డెండ్రిటిక్ కణాలేమిటో చెప్తాను. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే రెండు రోజుల్లో గజ్జల్లో బిళ్ళ కట్టడం చూసే ఉంటారు. దెబ్బ పాదానికైతే వాపు గజ్జల్లో ఎందుకు? చర్మంలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో వేగులవాళ్ల లాంటి కణాలు కాపలా కాస్తుంటాయి. చెట్టు కొమ్మల్లా చేతులు చాచి ఉంటాయి, అందుకే చెట్టు అనే గ్రీకు మాట నుంచి వాటికి ఆ పేరు. సూక్ష్మజీవి దొరికితే దాన్ని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కను పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. అక్కడ లక్షల మంది సిపాయిలుంటారు, టీ కణాలంటాం. వాళ్లలో ఈ శత్రువును గుర్తుపట్టగలిగినవాణ్ణి వెతికి, ముక్క చూపించి లేపుతాయి. అలా లేచినవాడు ఒకటికి వెయ్యిగా పెరుగుతుంటే ఆ గ్రంథి ఉబ్బుతుంది. అదే మీరు చూసిన బిళ్ళ. వేగు రాకపోతే కోటలో ఎంత సైన్యం ఉన్నా ఎవరి మీదికి వెళ్లాలో దానికి తెలియదు. తమ్ముడి పరిస్థితి అదే. టీ కణాలు చాలావరకు ఉండవచ్చు. కబురు తెచ్చేవాళ్లే కరువయ్యారు.

1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో ఈ కణాలను చూసి పేరు పెట్టారు. చాలాకాలం వాటిని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2011 అక్టోబర్ 3న స్టైన్‌మన్‌కు నోబెల్ ప్రకటించారు. ఆయన అంతకు మూడు రోజుల ముందే, సెప్టెంబర్ 30న, క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ సంగతి కమిటీకి తెలియదు, తెలిశాక కూడా బహుమతి ఆయనకే ఉంచారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనుషుల్లో పుట్టుకతో ఈ కణాలు లేకుండా పోయే జబ్బులకు గాటా2, ఐఆర్ఎఫ్8 అనే జన్యువులు కారణమని బయటపడింది కూడా ఆ 2011లోనే. మీ నాన్నగారు పోయింది 2009లో. ఆయనకు ఉన్నది ఇదే అయినా, ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ డాక్టరూ మీ ఇంటికి ఈ మాట చెప్పగలిగేవాడు కాడు. అమ్మగారు ఎక్కడో మనసులో 'ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే' అనుకుంటూ ఉంటారు. ఆవిడకు ఈ సంవత్సరాల లెక్క చెప్పండి.

ఐఆర్ఎఫ్8 లోపం మీ ఇంటిది కాదు, అయినా రెండు మాటలు. అందులో తీవ్రమైన రకం పసిపిల్లల్లోనే బయటపడుతుంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా అందరికీ భుజం మీద చిన్న మచ్చతో ఆగిపోతే, ఆ పిల్లల్లో టీకాలోని బతికున్న సూక్ష్మజీవే ఒళ్లంతా పాకుతుంది. ఆ రకానికి తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడాలి, కాబట్టి దగ్గరి పెళ్లిళ్లలో దాని అవకాశం పెరుగుతుంది. గాటా2 సంగతి వేరు. ఒక్క ప్రతి చెడితే చాలు. మీ అమ్మా నాన్నలది మేనరికం కాకపోయినా ఇది ఇలాగే వచ్చేది. ఒక్కోసారి తల్లిదండ్రులిద్దరిలో లేకుండా బిడ్డలో కొత్తగా కూడా పుడుతుంది. మేనరికం మీద నింద వేసినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు. హాస్టల్ తిండి మీద, బయట తిరుగుళ్ల మీద వేసే నిందలకూ ఇదే జవాబు.

అలాంటప్పుడు పదిహేను, పదహారేళ్ల దాకా బాగానే ఎలా ఉన్నాడు? గాటా2 మూలుగలోని మూల కణాల్ని నిలబెట్టే జన్యువు. ఒక ప్రతి చెడితే మిగిలిన ఒక్క ప్రతితో మూలుగ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. వయసు పెరిగేకొద్దీ నిల్వ కరుగుతుంది. మోనోసైట్లు, డెండ్రిటిక్ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు అనే రక్షక కణాలు ఒకదాని వెంట ఒకటి తగ్గిపోతాయి. పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కు అదే అదును. యాంటీబాడీల పరీక్ష చేస్తే చాలామందిలో మామూలుగానే వస్తుంది. 'ఐజీజీ నార్మల్, ఇమ్యూనిటీ బాగుంది' అని ఇంటికి పంపేది అందుకే.

టీబీ అన్నారే, దాని గురించి కూడా డాక్టర్‌ను గట్టిగా అడగండి. మన నీళ్లలో, మట్టిలో టీబీ జాతికే చెందిన వేరే సూక్ష్మజీవులు ఉంటాయి. మామూలు మనిషిని అవి ఏమీ చేయవు. ఈ లోపం ఉన్నవాళ్లలో మాత్రం ఊపిరితిత్తుల్లో, గ్రంథుల్లో కాపురం పెడతాయి. కఫం స్లైడ్ మీద చూస్తే టీబీ క్రిమిలాగే ఎర్రగా కనిపిస్తాయి, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలో మాత్రం టీబీ లేదని వస్తుంది. స్లైడ్‌లో ఉంది, సీబీనాట్‌లో లేదు అంటే అక్కడ ఆగి ఆలోచించాలి. కల్చర్ పెట్టి ఏ రకమో తేల్చాలి, వాటికి మందులు వేరు, నెలలూ వేరు. తమ్ముడికి మొదటిసారి అసలు ఏ రిపోర్టు చూసి ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారో ఆ కాగితం వెతకండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ముప్పై ఏళ్లు రక్త పరీక్షల ల్యాబుల్లో పనిచేశాను. చుక్క నెత్తుటిని గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద వంద తెల్ల కణాలు లెక్కపెట్టడం రోజువారీ పని. వాటిలో మోనోసైట్ అన్నిటికంటే పెద్దది. బూడిద కలిసిన నీలం రంగు, మధ్యలో కేంద్రకం జీడిపప్పులా వంగి ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. ఒక సాయంత్రం డిగ్రీ చదివే అమ్మాయి వచ్చింది. వేలు పొడవడానికి పులిపిరి లేని చోటు వెతకాల్సి వచ్చింది, అన్ని ఉన్నాయి. లెక్కపెడితే వంద కణాల్లో మోనోసైట్ ఒక్కటీ లేదు. ఇంకో వంద చూశాను. లేదు. మేము ఆ గడిలో 02 అని రాసేయడం అలవాటు. సున్నా రాస్తే ఫోన్లు వస్తాయి, మళ్లీ చేయమంటారు. 02 అని రాసి సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత అదే పేరుతో ఇంకో స్లైడ్ నా ముందుకొచ్చింది. ఈసారి దాని నిండా బ్లాస్ట్ కణాలు, అంటే బ్లడ్ క్యాన్సర్ కణాలు. ఆ సున్నాను సున్నాగా రాసి ఉంటే ఏ డాక్టరైనా ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉండేవాడు. ఆ అమ్మాయి వేళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. మీ ఉత్తరంలో పులిపిర్ల మాట చదవగానే మొదట గుర్తొచ్చింది ఆమే.

అందుకే అడుగుతున్నాను. తమ్ముడి పాత సీబీసీ కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టండి. మోనోసైట్స్ అని ఒక గడి ఉంటుంది. మామూలుగా వందకు 2 నుంచి 10 దాకా ఉంటాయి, మైక్రోలీటర్‌కు సుమారు 200 నుంచి 800. ఏ ఏడు నుంచి అవి పడిపోయాయో చూస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో డాక్టర్లకు ఒక అంచనా వస్తుంది. మిషన్ లెక్కపెట్టిన కాగితాలనే నమ్మండి, చేత్తో రాసిన 02లను నమ్మకండి.

'ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆగకూడదా' అన్నారు. ఆగవద్దు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కాలం గడిచేకొద్దీ మూలుగ వికటిస్తుంది, ఎండీఎస్ అంటారు. కొందరిలో ఏడో క్రోమోజోమ్ ఒకటి పోతుంది, కొందరిలో ఎనిమిదోది ఒకటి ఎక్కువవుతుంది, అక్కడి నుంచి ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, దగ్గరే. ఇంకోవైపు ఇన్‌ఫెక్షన్లు ఊపిరితిత్తుల్ని కొరుక్కుతింటాయి. వాటి గదుల్లో పాలలాంటి చిక్కటి పదార్థం పేరుకుపోయి ఆయాసం వచ్చేవాళ్లూ ఉన్నారు. ఊపిరితిత్తులు చెడ్డాక మార్పిడి చేస్తే తట్టుకోవడం కష్టం. డ్యూటీకి వెళ్లగలిగే ఒళ్లు ఉన్నప్పుడే చేయాలి. తమ్ముడు బాగున్నాడు కాబట్టి ఆగుదాం అనుకుంటున్నారు మీరు, బాగున్నాడు కాబట్టే ఇప్పుడు చేయాలంటాను నేను. మార్పిడి కుదిరితే కొత్త మూలుగ నుంచి మోనోసైట్లు, డెండ్రిటిక్ కణాలు మళ్లీ పుడతాయి. మొండి పులిపిర్లు కూడా నెమ్మదిగా తగ్గడం చూశారు. ప్రమాదం లేని చికిత్స కాదు, ప్రాణాపాయం కూడా ఉంటుంది. ఎంత ఉంటుందో తమ్ముడి ఊపిరితిత్తుల పరీక్షలు, మూలుగ పరీక్ష ముందు పెట్టుకుని డాక్టర్ చెప్పాలి. అమ్మగారి ఎదుట కాదు, ముందు మీరిద్దరూ వినండి.

అప్పటిదాకా మీ ఇంట్లోవాళ్ల రక్తం ఎవరిదీ తమ్ముడికి ఎక్కించనివ్వకండి. తన దాత కాగలిగినవాళ్ల రక్తం ముందే ఎక్కితే, ఒళ్లు వాళ్ల కణాల్ని గుర్తుపెట్టుకుని తర్వాత తిరగబడవచ్చు.

ఆ ఇంజెక్షన్ల విషయం. డెండ్రిటిక్ సెల్ థెరపీ అని చెప్పేది క్యాన్సర్ కోసం తయారుచేసే టీకా పద్ధతి. రోగి రక్తంలోంచి మోనోసైట్లు తీసి, ల్యాబులో మందులు కలిపి వాటిని డెండ్రిటిక్ కణాలుగా పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. మీ తమ్ముడి రక్తంలో మోనోసైట్లే లేవు కదమ్మా. దేన్ని తీసి దేన్ని పెంచుతారు? పేరులో ఆ మాట కలిసినంత మాత్రాన అది ఈ జబ్బుకు మందు కాదు. దానికి లక్షలు పోయకండి. ఇమ్యూనిటీ పెంచుతామనే కషాయాలు, పొడులు కూడా వద్దు, లేని కణాన్ని ఏ పొడీ పుట్టించలేదు. పైగా మార్పిడికి ముందు లివర్ మంచి స్థితిలో ఉండాలి.

మీకు లోపం లేదని తేలితే నిశ్చింతగా ఇవ్వండి. ఆ కాలి వాపుకు వేరే కారణం వెతికించుకోండి, అంతే. అబ్బాయి వాళ్లమ్మగారికి ఇలా చెప్పవచ్చు: నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు వేస్తారు, మూల కణాలు రక్తంలోకి వస్తాయి, చేతి నరం నుంచి రక్తం మిషన్‌లోకి వెళ్లి కావలసిన కణాలు వడకట్టుకుని మిగతాది వెనక్కి వస్తుంది. కొన్ని గంటల పని. మూలుగే నేరుగా తీయాల్సి వచ్చినా మత్తు ఇచ్చి తుంటి ఎముక నుంచి తీస్తారు, వెన్నుపూస జోలికి వెళ్లరు. తీసింది కొన్ని వారాల్లో మళ్లీ పుడుతుంది. గర్భానికీ, కాన్పుకూ దీనితో సంబంధం లేదు.

మీలోనూ ఉందని తేలితే? అప్పుడు తమ్ముడికి దారి మూసుకుపోయినట్టు కాదు. దాత్రి లాంటి దాతల రిజిస్ట్రీలో వెతుకుతారు. అమ్మగారికి లోపం లేకపోతే తల్లిది ఎప్పుడూ సగం మ్యాచ్ ఉంటుంది కాబట్టి ఆ సగం మ్యాచ్‌తో చేసే పద్ధతీ ఇప్పుడు ఉంది. ఇక మీ సంగతి. లోపం ఉన్న ప్రతివాళ్లకూ తమ్ముడిలా కావాలని లేదు. కానీ ఏడాదికోసారైనా రక్తం, డాక్టర్ చెప్పినప్పుడు మూలుగ చూపించుకోవాలి. గర్భాశయ ముఖద్వారం పరీక్ష మానకూడదు, హెచ్‌పీవీ టీకా గురించి అడగాలి. ఆ కాలికి చిన్న గీత పడినా, ఎర్రబడి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఇవ్వలేకపోయానని మాత్రం కుమిలిపోవద్దు. ఆ పరీక్ష వల్ల తమ్ముడు ఒక వృథా మార్పిడి నుంచి బయటపడతాడు.

దాతగా మీకు మీ డాక్టర్ వేరుగా ఉండాలి, తమ్ముడిని చూసేవారే మీ బాగోగులూ నిర్ణయించడం సరికాదు. మీ రిపోర్టు ముందు మీ చేతికే ఇవ్వమనండి. అమ్మకు ఎప్పుడు చెప్పాలో మీరు నిర్ణయించుకోండి.

పెళ్లి విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. లోపం ఉందని తేలితే అబ్బాయికి పెళ్లికి ముందే తెలియాలి. పెద్దల ద్వారా కాదు, మధ్యవర్తి ద్వారా అసలే కాదు. మీరే కూర్చోబెట్టి చెప్పండి. పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. గర్భం వచ్చిన మూడో నెల ప్రాంతంలో పరీక్ష చేయవచ్చు. ఐవీఎఫ్ పద్ధతిలో పిండాన్ని ముందే పరీక్షించి లోపం లేనిదాన్ని ఎంచుకోవచ్చు. ఇద్దరూ కలిసి జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆ గదిలోకి మీతో నడిచి వచ్చేవాడా కాడా అన్నది మాఘమాసం లోపు తెలియడం మీకు మంచిదే. ముహూర్తం, మార్పిడి ఒకేసారి పడితే ముహూర్తాన్నే వాయిదా వేయండి.

జెనెటిక్ కౌన్సెలింగ్‌కు మీరు దూరం వెళ్లనక్కర్లేదు. ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి కలిపి కేంద్ర ప్రభుత్వ అరుదైన వ్యాధుల విధానం కింద ఒక సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. మీ నాచారం నుంచి ఉప్పల్ ఎంత దూరమో మీకే తెలుసు. 2021 నాటి ఆ విధానంలో గుర్తించిన జబ్బులకు 50 లక్షల రూపాయల దాకా సాయం అందే ఏర్పాటు ఉంది. తమ్ముడి జబ్బుకు దాన్ని ఎలా అడగాలో, ఆరోగ్యశ్రీ కింద ఏ ఖర్చులు వస్తాయో అక్కడి సిబ్బందితో మాట్లాడి, రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి.

తమ్ముడికి జ్వరం 100.4 దాటితే ఆ పూటే ఆసుపత్రికి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు డాక్టర్ చెప్పకుండా వేయించకండి. ఎండాకాలం గడ్డి పెట్టే కూలర్ పక్కన పడుకోనివ్వకండి, తడిసిన ఆ గడ్డిలో బూజు పెరుగుతుంది. బాల్కనీలో పావురాల రెట్ట ఉంటే అతను కాక ఇంకెవరైనా, ఊడవకుండా తడిపి కడగండి. అజిత్రోమైసిన్ లాంటి మందు ముందుజాగ్రత్తగా వాడాలా అని అడగండి, చాలామందికి ఇస్తారు. కానీ ఒంట్లో ఇప్పటికే ఆ టీబీ జాతి క్రిమి ఉందేమో తేలాకే మొదలుపెట్టాలి.

వీధిలో అనుకునేవాళ్లకు జవాబు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. తమ్ముడికి మాత్రం చెప్పండి, ఎందుకంటే లోకం గుసగుసల్ని అతనే ఎక్కువ వింటూ ఉంటాడు: ఇది పుట్టుకతో వచ్చిన జన్యువు లోపం, అంటేది కాదు, ఒక కంచంలో తిన్నా, ఒక మంచం మీద పడుకున్నా ఎవరికీ రాదు. చేతులు జేబుల్లో దాచుకుని తిరగనక్కర్లేదు.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బీరువాలోని నాన్నగారి ఫైలు కూడా తీసుకెళ్లండి. క్యాన్సర్ అని తేలిన తర్వాతి కాగితాలు కాదు, అంతకు ముందు ఎప్పుడో జ్వరానికో, ఇన్సూరెన్స్‌కో చేయించుకున్న పాత సీబీసీ ఏదైనా దొరుకుతుందేమో అమ్మగారిని అడగండి. దొరికితే మోనోసైట్స్ గడి దగ్గర వేలు పెట్టి డాక్టర్‌కు చూపించండి.